27 ఏళ్ల పీపా: ముప్పై దాకా ఆగాలా, ఇప్పుడే సీసాల్లో నింపాలా?

2024 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం డాక్టర్ గారు ఫోన్ చేశారు. "నా దగ్గర ఒక విస్కీ పీపా ఉందయ్యా. 1996లో నింపింది. ముప్పై నిండితే ఎంత పలుకుతుందో నువ్వు చెప్పాలి" అన్నారు. ఆయనది తెనాలి పక్కన పల్లెటూరు. డెబ్బైల చివర్లో స్కాట్లండ్ వచ్చి, ఇక్కడే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. నాలుగు దశాబ్దాలు దాటినా "బాబూ", "అబ్బాయ్" అనకుండా మాట మొదలుపెట్టరు.

నేను ఎడిన్‌బరాలో ఉంటాను. పీపాలూ పాత సీసాలూ రుచి చూసి, కొలిచి, ఇంత విలువ అని కాగితం మీద రాసివ్వడం నా పని. నేను కొనను, అమ్మను, కమిషన్ తీసుకోను. ఫీజు మాత్రమే. ఈ కేసు వివరాలు రాసుకోవడానికి డాక్టర్ గారు ఒప్పుకున్నారు. డిస్టిలరీ పేరు మాత్రం రాయడం లేదు. ఎందుకో కింద తెలుస్తుంది.

ఆయన "ఎంత పలుకుతుంది" అని అడిగారు. నాకు మొదట తేల్చాల్సింది వేరే కనిపించింది: అసలు ఈ పీపా ముప్పై దాకా నిలుస్తుందా?

కాగితాలు

ఆయన 2021లో ఒక బ్రోకర్ దగ్గర కొన్నారు. చేతికొచ్చింది ఒక సర్టిఫికెట్. దళసరి కాగితం, బంగారు అంచు, కింద ఎంబోసింగ్, మా రోజుల్లో టైప్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లిచ్చే సర్టిఫికెట్ లాగా. దాని మీద పీపా నంబరు, నింపిన నెల అక్టోబర్ 1996, పీపా రకం రీఫిల్ హాగ్స్‌హెడ్ (అంతకుముందే విస్కీ మాగబెట్టిన పీపా), 196 లీటర్లు, ఆల్కహాల్ బలం 53.1 శాతం, "సుమారు 280 సీసాలు" అని ఉంది.

ఇలాంటివి చాలామంది తెస్తారు కాబట్టి ఒక మాట. సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన పీపా మీదైపోదు. పీపా ఎవరిదో చెప్పేది గోదాం వాళ్ల ఖాతా పుస్తకం. అమ్మినవాడు సంతకం చేసిన డెలివరీ ఆర్డర్ గోదాంకి చేరి, వాళ్లు మీ పేరు ఎక్కించుకుని, ఎక్కించామని జవాబిస్తేనే అది మీది. పొలం కొని రిజిస్ట్రేషన్ చేయించుకోకుండా అమ్మినాయన రాసిచ్చిన చీటీ బీరువాలో దాచుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అలాగే. ఒకే పీపాని ఇద్దరు ముగ్గురికి అమ్మిన కేసులు బ్రిటన్‌లో పోలీసుల దాకా వెళ్లాయి.

గోదాంకి ఉత్తరం రాశాం. జవాబుకి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ డాక్టర్ గారికి నిద్ర లేదు, బీపీ మాత్ర డోసు తనే పెంచుకున్నానని చెప్పారు. అదృష్టం, పేరు ఉంది. 2021 నవంబర్లోనే ఎక్కింది. ఆ ఉత్తరంలో ఇంకో రెండు విషయాలు బయటపడ్డాయి. సర్టిఫికెట్ మీది కొలత 2016 మార్చిలో తీసింది. కొన్న రోజుకి అది అయిదేళ్ల పాత లెక్క, ఆ తేదీ సర్టిఫికెట్ మీద ఎక్కడా లేదు. రెండోది, 2017లో పీపాని ఒక గోదాం నుంచి ఇంకో గోదాంకి మార్చారు. ఆ వాక్యం కింద నేను గీత గీసి పెట్టుకున్నాను.

డిస్టిలరీ పేరు సీసా మీద వాడుకునే హక్కు ఈ పీపాతో రాలేదు. లేబుల్ మీద "స్పేసైడ్ సింగిల్ మాల్ట్" అని మాత్రమే వేసుకోవాలి, అంటే స్పేసైడ్ ప్రాంతంలో ఒకే డిస్టిలరీలో మాల్ట్‌తో (మొలకెత్తించిన బార్లీతో) చేసిన విస్కీ అని. ఈ వ్యాపారంలో ఇది మామూలే. వెల మాత్రం దీనివల్ల కచ్చితంగా తగ్గుతుంది, నా రిపోర్టులో మొదటి కోత ఇక్కడే పడింది.

గోదాం

మార్చి మూడో వారంలో వెళ్లాం. పీపాలు పెట్టే గోదాములు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి డన్నేజ్: రాతి గోడలు, మట్టి నేల, తక్కువ ఎత్తు పైకప్పు, పీపా మీద పీపా మూడు వరసలకు మించకుండా. రెండోది ర్యాక్డ్: ఇనుప ర్యాకుల్లో ఎనిమిది, పది అంతస్తులు. డన్నేజ్ లోపలికి అడుగు పెడితే వానాకాలంలో మూసి ఉంచిన వడ్లకొట్టు తలుపు తీసినట్టుంటుంది. చెమ్మ, పాత చెక్క, దాని వెనక తియ్యటి వాసన. డాక్టర్ గారి పీపా ఉన్నది డన్నేజ్‌లో, కింది వరసలో, మూలన. 2017కి ముందున్నది ర్యాక్డ్ గోదాం పై అంతస్తులో.

గోదాం మనిషి చెక్క సుత్తితో బిరడాకి అటూ ఇటూ పలక మీద నాలుగు దెబ్బలు కొట్టాడు. బిరడా దానంతట అదే పైకి లేచింది. వాలించ్ అనే పొడుగాటి గొట్టాన్ని లోపలికి దించి, పైన బొటనవేలితో మూసి, లాగి, మూడు చిన్న సీసాలు నింపాను. డాక్టర్ గారు పీపా మీద చెయ్యేసి నిలబడ్డారు, ఆవు నడుం తట్టినట్టు. ఒక ఫొటో తీయమన్నారు.

రంగు చూడగానే నాకు ప్రాణం కుదుటపడింది. 27 ఏళ్ల తర్వాత కూడా గానుగ నువ్వుల నూనె రంగే. చాలామంది ముదురు రంగు ఉంటే పాతది, మంచిది అనుకుంటారు. స్కాచ్‌లో రంగు కోసం కారమెల్ కలపడానికి చట్టమే అనుమతిస్తుంది, కాబట్టి షాపులో సీసా రంగు చూసి ఏమీ చెప్పలేం. పీపాలోంచి నేరుగా తీసినప్పుడు మాత్రం రంగుకి అర్థం ఉంటుంది. ఇంతకాలానికీ లేత రంగే ఉందంటే ఇది నిజంగా రీఫిల్ పీపా, చెక్క తొందరపడలేదు అని.

చిన్న సీసాని గట్టిగా ఊపాను. పైన లేచిన బుడగలు ముత్యాల్లా కాసేపు నిలవాలి, యాభై శాతం పైన ఉంటే నిలుస్తాయి. ఇక్కడ లేచినంత వేగంగా మాయమయ్యాయి. 53 శాతం కాదని అక్కడే తెలిసిపోయింది, ఎంతో తెలియాలంటే ల్యాబ్ నుంచి కాగితం రావాలి.

నా తప్పు

మర్నాడు ఉదయం పదకొండింటికి మొదటి గ్లాసు వాసన చూశాను. నేను రుచి చూసేది ఆ సమయంలోనే. ముందు రాత్రి నుంచి ఆవకాయ ఉండదు, ఇంట్లో అగరుబత్తి వెలగదు, నా భార్య ఆ పూట కరివేపాకు పోపు కూడా పెట్టదు. ఇరవై ఏళ్లుగా ఇది మా ఇంట్లో మడి.

గ్లాసులో పొగ వాసన వచ్చింది. పిడక పొగ కాదు, డెట్టాల్ కలిసిన పొగ. పీట్ అంటే చిత్తడి నేలల్లో తవ్వి తీసే ఇంధనం, దాని పొగలో మాల్ట్ ఆరబెట్టిన విస్కీలో ఉండే వాసన అది. ఈ డిస్టిలరీ 1996లో పీట్ పెట్టిన మాల్ట్ వాడలేదు. నాకు గుండె జారింది. రెండే కారణాలు తోచాయి. ఒకటి, ఇది వేరే పీపా, అంటే మోసం. రెండు, ఈ పీపాలో అంతకుముందు పీట్ విస్కీ ఉండేది. రెండో కారణమైతే వెల మారుతుంది, అంతే. మొదటిదైతే డాక్టర్ గారికి ఫోన్ ఎలా చెయ్యాలో తెలియలేదు.

మధ్యాహ్నం దాకా కూర్చుని ఆలోచిస్తే మూడో కారణం నా సంచిలోనే దొరికింది. వాలించ్ నాది. ముందు వారం ఐలా ద్వీపంలో ఒక పీట్ పీపాకి వాడింది అదే. నీళ్లతో కడిగాను, ఆల్కహాల్‌తో కడగలేదు. పొగలో ఉండే ఫీనాల్స్ నీళ్లకు అంత తేలిగ్గా వదలవు, మన ముక్కు వాటిని చుక్కలో వందో వంతు ఉన్నా పట్టేస్తుంది.

గోదాంకి మళ్లీ అర్జీ, మళ్లీ రుసుం, ఈసారి నా జేబులోంచి. ఏప్రిల్ రెండో వారంలో కొత్త గాజు గొట్టంతో తీశాను. పొగ లేదు. మొదటి నమూనాలు మూడూ సింకులో పోశాను. రిపోర్టులో ఈ సంగతి రాశాను కూడా. రాయకపోయినా ఎవరికీ తెలియదు, కానీ గోదాం రిజిస్టర్‌లో రెండుసార్లు నమూనా తీసినట్టు ఉంటుంది, రేపు కొనేవాడు ఎందుకని అడుగుతాడు.

లెక్క

ఈ కేసులో నాకు బాగా నచ్చిన భాగం ఇదే, కాస్త ఓపిగ్గా చదవండి.

హాగ్స్‌హెడ్ పీపాలో సుమారు 250 లీటర్లు పడుతుంది. స్కాట్లండ్‌లో సాధారణంగా 63.5 శాతం బలంతో నింపుతారు. అంటే మొదట్లో శుద్ధ ఆల్కహాల్ దాదాపు 159 లీటర్లు. పీపా చెక్క గాలి పీలుస్తుంది కాబట్టి ఏటా కొంత ఆవిరై పోతుంది. దేవతల వాటా అంటారు. స్కాట్లండ్ చలికి అది ఏటా రెండు శాతం దరిదాపుల్లో ఉంటుంది. బెంగళూరు ఎండలో అమృత్ వాళ్ల పీపాలు ఏటా పది శాతం పైనే పోగొట్టుకుంటాయి. అందుకే ఎనిమిదేళ్లు మాగిన ఒక మాల్ట్‌కి వాళ్లు "గ్రీడీ ఏంజెల్స్" అని పేరు పెట్టారు. మన వాతావరణంలో దేవతలు ఆకలి మీదుంటారు.

డాక్టర్ గారి పీపా లెక్క చూడండి. 2016 మార్చిలో 196 లీటర్లు, 53.1 శాతం, అంటే ఆల్కహాల్ 104 లీటర్లు. ఇరవై ఏళ్లలో 159 నుంచి 104కి రావడం సహజమే, ఏటా రెండు శాతం కంటే కాస్త ఎక్కువ. 2024 ఏప్రిల్‌లో గోదాం వాళ్లు కొలిచింది 162 లీటర్లు, ల్యాబ్ చెప్పిన బలం 44.1 శాతం. అంటే ఆల్కహాల్ 71.4 లీటర్లు. ఎనిమిదేళ్లలో 32 లీటర్లకు పైగా పోయింది. ఏటా నాలుగున్నర శాతం పైనే. వేగం రెట్టింపు దాటింది.

చూడగానే ఎవరైనా పీపా కారుతోందనుకుంటారు. డాక్టర్ గారూ అదే అన్నారు: "లీకయ్యా, ఇంకేముంది." కానీ లీకైతే నీళ్లూ ఆల్కహాలూ కలిసే పోవాలి. బిందెకి చిల్లు పడితే మజ్జిగలో వెన్న ఒక్కటే కారిపోదు కదా. ఇక్కడ తగ్గింది మొత్తం 34 లీటర్లు, అందులో ఆల్కహాలే 32కి పైగా. 2016లో నీళ్ల భాగం ఉజ్జాయింపుగా 92 లీటర్లు, ఇప్పుడు 90కి పైన. ఎనిమిదేళ్లలో నీళ్లు దాదాపు కదల్లేదు.

నీళ్లు ఆగి ఆల్కహాల్ ఒక్కటే ఎందుకు పోతుంది? చెమ్మ వల్ల. గోదాం గాలిలో తేమ నిండా ఉంటే పీపాలోంచి నీటి ఆవిరి బయటికి పోవడానికి చోటుండదు. వర్షాకాలంలో బట్టలు ఆరనట్టే. ఆల్కహాల్‌కి ఆ అడ్డు లేదు, దాని దారిన అది పోతుంది. అందుకని చెమ్మ గోదాంలో బలం త్వరగా పడిపోతుంది. ఎండగా, పొడిగా ఉండే చోట తలకిందులు: నీళ్లే ఎక్కువగా పోతాయి, అమెరికాలో కెంటకీ గోదాముల పై అంతస్తుల్లో ఏళ్లు గడిచేకొద్దీ బలం పెరుగుతుంది కూడా. నేను గీత గీసిన ఆ వాక్యం, 2017లో ర్యాక్డ్ నుంచి డన్నేజ్‌కి మార్చడం, ఇలా అక్కరకొచ్చింది. అంతకుముందు ఏడాదికి అర శాతం చొప్పున పడిన బలం ఆ తర్వాత ఏడాదికి ఒక శాతం పైగా పడుతోంది. పీపా బాగానే ఉంది. దాన్ని పెట్టిన చోటుతోనే తంటా.

ఇదే లెక్క ఇంకో సంగతి కూడా బయటపెట్టింది. 2021లో ఆయన కొన్నప్పుడు లోపల ఆల్కహాల్ 104 లీటర్లు లేదు, 85 లోపే ఉండి ఉండాలి. పీపాలకి ధర కట్టేది ఆల్కహాల్ లీటర్ల మీద. అంటే అయిదో వంతు లేని సరుక్కి డబ్బు కట్టారు. ఆ మాట ఆయనకి ఫోన్లో చెప్పలేదు, ఇంటికెళ్లి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పేషెంటు పాత రిపోర్టు చూసి మందు రాసినట్టయింది" అన్నారు. ఆయన భార్య, అమ్మగారు, లోపల్నుంచి "నలభై ఏళ్లు డాక్టరీ చేసి డేట్ చూసుకోలేదా?" అని అందుకున్నారు.

రుచి

స్కాచ్ అనాలంటే కనీసం 40 శాతం బలం ఉండాలి, 2009 నాటి నిబంధనల్లో ఉంది. దానికి దిగితే ఎంత పాతదైనా, ఎంత కమ్మగా ఉన్నా ఆ పేరుతో అమ్మలేం. ఇది 44.1లో ఉంది. 2026 అక్టోబర్‌కి ఇదే వేగమైతే 41 పైన ఎక్కడో ఉంటుంది. గీత దాటదు, గీత పక్కనే నిలబడుతుంది. అంకెలు ఇంతవరకే చెప్పగలవు. ఆ రెండున్నరేళ్లలో రుచికి ఏమవుతుందో నాలుక చెప్పాలి.

గుడ్డి పరీక్ష పెట్టుకున్నాను. నా అల్మారాలో ఇలాంటివే, స్పేసైడ్ రీఫిల్ హాగ్స్‌హెడ్ నమూనాలు, 21 ఏళ్లది, 25 ఏళ్లది, 31 ఏళ్లది తీశాను. నా భార్య నాలుగు గ్లాసుల్లో పోసి, అడుగున స్టిక్కర్లు అంటించి, పైన మూతలు పెట్టింది. ఏది ఏదో నాకు తెలియదు. ఇలా రెండు రోజులు.

వాసనలో డాక్టర్ గారి గ్లాసు రెండు రోజులూ మొదటి స్థానంలో నిలిచింది. నోట్‌బుక్‌లో ఎడమ పేజీలో తెలుగులో రాసుకుంటాను, కుడి పేజీలో క్లయింట్లకు అర్థమయ్యే ఇంగ్లిష్‌లో. ఎడమ పేజీలో ఆ రోజు ఉన్నది ఇది: "మామిడి తాండ్ర. కొత్తది కాదు, వేసవి దాటి డబ్బాలో ఉన్నది. తేనెపట్టు మైనం. పనసతొన వాసన లేచి పోయింది. అడుగున గంధం చెక్క అరగదీసిన రాయి." పాత రీఫిల్ పీపాల్లో ఈ మామిడి, పనస వరస తరచూ కనిపిస్తుంది, ఇంత శుభ్రంగా రావడం అరుదు. 31 ఏళ్లది దీని పక్కన మూగగా ఉంది.

నోట్లో మొదటి అయిదు సెకన్లు అదే దర్జా. నాలుక మధ్యలో తేనె, పటికబెల్లం, కాస్త అల్లం మురబ్బా. ఆ తర్వాత, గుటక వేశాక, అక్కడ మొదలైంది.

వగరు.

ఇంగ్లిష్‌లో దీనికి నాలుగైదు మాటలు వాడతారు, ఒక్కటీ సరిగ్గా కూర్చోదు. మనకి ఒక్క మాట చాలు. లేత జామపిందె కొరికినప్పుడు, వక్క నమిలినప్పుడు చిగుళ్లు దగ్గరికి లాక్కున్నట్టయ్యే ఆ గుణం. చేదు కాదు. చేదు నాలుకకి తెలిసే రుచి, వగరు బుగ్గల లోపల పట్టుకుంటుంది. అది ఓక్ చెక్కలోని టానిన్ పని. కాస్త ఉంటే విస్కీకి వెన్నెముక. ఎక్కువైతే పండు మాయమై చెక్క మిగులుతుంది.

ఇక్కడ ఎంత ఉందో తేల్చడానికి నీళ్లు కలిపాను. రకరకాల పీపాల విస్కీలని కలిపే నిపుణులు, బ్లెండర్లంటారు, విస్కీని ఇరవై శాతం దాకా పలచన చేసి వాసన చూస్తారు. ఆల్కహాల్ మంట తగ్గితే దాక్కున్నవన్నీ బయటికొస్తాయి. సమానంగా నీళ్లు పోస్తే ఇది 22 శాతం. మామిడి ఇంకా ఉంది, పచ్చకర్పూరం కొత్తగా వచ్చింది. వగరు మాత్రం నీళ్లకి లొంగలేదు, ముందుకొచ్చి కూర్చుంది. 25 ఏళ్లది, 31 ఏళ్లది రెండూ ఈ పరీక్ష తట్టుకున్నాయి. గుటక తర్వాతి రుచిలో డాక్టర్ గారి గ్లాసు రెండు రోజులూ మూడో స్థానంలోకి జారింది. స్టిక్కర్లు తిప్పి చూశాక, నాలుగేళ్లు పెద్దదైన 31 ఏళ్ల పీపాలో తక్కువ వగరు ఉండటం చూసి నేను ఆశ్చర్యపోలేదు. దాని బలం 51 శాతం.

బలం పడిపోవడానికీ వగరు పెరగడానికీ చుట్టరికం ఉంది. టానిన్ ఆవిరి కాదు. ఆల్కహాల్ పోయి ద్రవం తగ్గేకొద్దీ ఉన్న టానిన్ చిక్కబడుతుంది, పులుసు మరిగేకొద్దీ ఉప్పు పైకి తేలినట్టు. దానికి తోడు బలం తగ్గినప్పుడు నీళ్లలో కరిగే చెక్క సారం ఇంకా దిగుతుంది. పండు వాసనలనిచ్చేవేమో గాలిలో తేలిగ్గా పోయే రకం. అంటే రెండున్నరేళ్లు ఆగితే పెరిగేది వగరు, తగ్గేది మామిడి.

డాక్టర్ గారిని కూర్చోబెట్టి, ఏమీ చెప్పకుండా గ్లాసు చేతికిచ్చాను. వాసన చూసి నవ్వారు, మీ అమ్మమ్మ గారింట్లో తాండ్ర తిన్నావా ఎప్పుడైనా అని అడిగారు. గుటక వేశాక బుగ్గ లోపల నాలుక తిప్పుకుంటూ, "చివర్లో వక్క నమిలినట్టుందేంటయ్యా?" అన్నారు. ఇంకేం చెప్పాలి నేను.

ముప్పై అంకె

అయినా ఆయన ముప్పైని వదల్లేదు. అందులో తప్పేమీ లేదు, సీసా మీద 27కీ 30కీ తేడా బజారులో నిజంగానే ఉంది. వేలంలో గుండ్రటి అంకెకి చేతులు లేస్తాయి. నా లెక్క ప్రకారం ఆగితే పోయేవి పది, పన్నెండు సీసాలు, బలంలో మూడు శాతం. 30 అంకె వల్ల సీసాకి పెరిగే ధర ఆ నష్టాన్ని పూడ్చి ఇంకా మిగలొచ్చు. రిపోర్టులో ఇది దాచలేదు. డబ్బు ఒక్కటే చూస్తే ఆగడం పిచ్చి పని కాదు. అలాగని 2022 తర్వాత వేలంపాటల్లో పాత విస్కీ ధరలు దిగుతూ వచ్చాయి, 2026లో ఎలా ఉంటాయో నాకు జాతకం చూడటం రాదు.

మధ్యేమార్గాలు ఆయనే వెతికారు. మళ్లీ పొడి గోదాంకి మార్చొచ్చు కదా అన్నారు. మంచి ప్రశ్న. బలం పడే వేగం తగ్గుతుంది. కానీ ఏడేళ్లు చెమ్మలో నానిన పీపా పొడి గోదాంలో పలకల దగ్గర ఎలా ప్రవర్తిస్తుందో చెప్పలేం, చెక్కలోంచి దిగే వగరు ఎలాగూ ఆగదు. బ్రోకర్ సలహా ఇంకోటి: షెర్రీ అనే స్పెయిన్ వైన్ ఉంచిన కొత్త పీపాలోకి మార్చి ఏడాది ఉంచండి, రంగు వస్తుంది, కొనేవాళ్లు ఎగబడతారు. ఆ మామిడి మీద షెర్రీ పొయ్యడం పాత జరీ చీరకి రంగు వేయించడమే. రంగొస్తుంది, చీర పోతుంది. బలం పెంచడానికి ఆల్కహాల్ కలపడం చట్టం ఒప్పుకోదు. అదే డిస్టిలరీ నుంచి బలమైన పీపా తెచ్చి కలపొచ్చు, అప్పుడు రెండిట్లో చిన్నదాని వయసే లేబుల్ మీద వెయ్యాలి.

ఇంకో కోరిక నన్ను కాసేపు నవ్వించింది: పీపాని హైదరాబాద్ తీసుకెళ్లి మనవడి పెళ్లిలో బిరడా తీద్దామని. సింగిల్ మాల్ట్ స్కాచ్‌ని స్కాట్లండ్‌లోనే సీసాల్లో నింపాలి, 2012 నవంబర్ నుంచి రూలది. పీపాగా స్కాట్లండ్ దాటదు.

నా సిఫారసు రెండు వాక్యాలు: 2024లోనే నింపండి, నీళ్లు కలపకుండా, చల్లబరిచి వడకట్టకుండా. విలువ నిర్ణయంలో డిస్టిలరీ పేరు లేనందుకు ఒక కోత, బలం తక్కువైనందుకు ఒక కోత, చివరి వగరుకి ఒక కోత వేసి, వాసనకి కొంత కలిపి, ఒక పరిధి ఇచ్చాను. ఆ అంకె ఆయనది, ఇక్కడ రాయను. కొన్న ధర కంటే కొంచెం తక్కువ అని మాత్రం చెప్పొచ్చన్నారు.

మూడు వారాలు ఆలోచించి ఒప్పుకున్నారు. ఆయన్ని ఒప్పించింది నా రిపోర్టు కాదనుకుంటాను. అమ్మగారు గ్లాసు వాసన చూసి, "ఇది ఇప్పుడు బాగుంది కదా, ఇంకెందుకు?" అన్నారట.

నింపాక

సెప్టెంబర్ చివర్లో నింపారు. అప్పటికి బలం 43.6. ఆరు నెలల్లో అర శాతం, లెక్క తప్పలేదు. పీపా ఒంపేటప్పుడు, వడకట్టేటప్పుడు కొంత పోతుంది. చేతికి 220 సీసాలొచ్చాయి. సర్టిఫికెట్ చెప్పిన 280కి అరవై తక్కువ. ఎక్సైజ్ సుంకం అప్పట్లో ఆల్కహాల్ లీటరుకి 31.64 పౌండ్లు, అంటే సీసాకి సుమారు తొమ్మిది పౌండ్ల అరవై అయిదు పెన్నీలు, ఆ పైన 20 శాతం వ్యాట్. అమ్మే సీసాలని సుంకం కట్టకుండా బాండెడ్ గోదాంలోనే ఉంచమన్నాను. ఇంటికి తెచ్చుకున్న ముప్పైకి మాత్రమే కట్టారు.

ఆ ముప్పైలో కొన్ని పెళ్లికి వెళ్లాయి. ఇండియాలో దిగే ఒక్కో మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా అనుమతి ఉంది కాబట్టి చుట్టాల్లో ప్రయాణమైనవాళ్లందరి సూట్‌కేసుల్లో చీరల మధ్య రెండేసి సీసాలు సర్దారట.

డిసెంబర్‌లో ఒక రాత్రి, మాకు ఇక్కడ తొమ్మిదిన్నర, హైదరాబాద్ పెళ్లి నుంచి డాక్టర్ గారి ఫోన్. అక్కడ తెల్లవారుజామున మూడు. వెనక సన్నాయి రికార్డు, ఎవరో గట్టిగా నవ్వుతున్నారు. "అబ్బాయ్, మందు మబ్బు పట్టింది! పాడైందా?" గొంతులో టెన్షన్.

ఐస్ వేశారా అని అడిగాను. బావమరిది గ్లాసు నిండా వేశాడట.

చల్లబరిచి వడకట్టని విస్కీలో కొవ్వు ఆమ్లాల ఎస్టర్లు ఉండిపోతాయి, 46 శాతం కంటే తక్కువ బలంలో చల్లబడితే అవి విడిపోయి పాలనీళ్లలా కనిపిస్తాయి, కాసేపు బయట పెడితే తేరుకుంటుంది అని చెప్పాను. ఆయన అదే మాట అక్కడున్నవాళ్లకి గట్టిగా, డాక్టరు పేషెంటు బంధువులకి చెప్పినట్టు చెప్పారు. ఫోన్ పెట్టేసే ముందు వెనకనుంచి సోడా మూత తీసిన శబ్దం వినిపించింది. నేను అడగలేదు.